భారత్, చైనా ఫ్యాక్టరీ కార్మికుల ఉత్పాదకతను పోల్చాలంటే ఏ కొలత ఎంచుకోవాలి?

1994 జనవరి 1న చైనా తన రెండు మారకపు రేట్లను కలిపి ఒకటి చేసింది. అప్పటిదాకా డాలరుకు 5.8 యువాన్లుగా ఉన్న అధికారిక రేటు 8.7కి మారింది. ఆ మార్పు వల్ల చైనాలో ఏ యంత్రమూ ఆగలేదు, ఏ కార్మికుడూ నెమ్మదించలేదు. అంతకుముందు ఎన్ని మీటర్ల గుడ్డ నేశారో ఆ తర్వాతా అన్నే నేశారు. కానీ అధికారిక రేటుతో అన్నీ డాలర్లలోకి మార్చి చూసేవాళ్ల పట్టికలో మాత్రం చైనా కార్మికుడి ఉత్పాదకత ఒక్కసారిగా మూడో వంతు పడిపోయింది. 1966 జూన్‌లో మన రూపాయి డాలరుకు 4.76 నుంచి 7.50కి దిగినప్పుడూ ఇదే జరిగింది. కాగితం మీద భారత కార్మికుడు రాత్రికి రాత్రి 36 శాతం పైగా వెనకబడ్డాడు.

రెండు వర్ధమాన దేశాల పారిశ్రామిక ఉత్పాదకతను ఏళ్ల తరబడి పోల్చాలనుకునే ప్రతి ఒక్కరికీ ఇలాంటి గుంటలు ఎదురవుతాయి. పరిశోధక విద్యార్థి అయినా, రిపోర్టర్ అయినా, ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టాలో ఆలోచించే కంపెనీ ఉద్యోగి అయినా అందరూ మొదట అడిగేది ఒక్కటే: ఏ కొలత వాడాలి? ఇక్కడ భారత్, చైనాలనే ఉదాహరణగా తీసుకుని, అందుబాటులో ఉన్న కొలతల్లో ఏది ఏ పనికి సరిపోతుందో చెబుతాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. చాలామంది సూత్రాల దగ్గర, సూచీల దగ్గర తెగ టెన్షన్ పడతారు. నా అనుభవంలో పెద్ద తప్పులు అక్కడ జరగవు. ఎవరిని లెక్కపెట్టాం, ఎవరిని వదిలేశాం అన్నదగ్గరే జరుగుతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

"చైనా కార్మికుడు మనవాడికంటే ఎన్ని రెట్లు ఎక్కువ ఉత్పత్తి చేస్తున్నాడు?" అనేది స్థాయి గురించిన ప్రశ్న. "గత 30 ఏళ్లలో ఎవరి ఉత్పాదకత వేగంగా పెరిగింది?" అనేది వృద్ధి గురించిన ప్రశ్న. "సరుకు ఎక్కడ చవగ్గా తయారవుతుంది?" అనేది ఖర్చు గురించిన ప్రశ్న. మూడింటికీ మూడు వేర్వేరు లెక్కలు కావాలి. వృద్ధికి ప్రతి దేశం సొంత స్థిర ధరలు (ధరల పెరుగుదలను తీసేసిన లెక్క) చాలు, ఒక కరెన్సీని ఇంకో కరెన్సీలోకి మార్చాల్సిన పనే లేదు. స్థాయికి మాత్రం మార్చక తప్పదు, అసలు కష్టమంతా అక్కడే. ఖర్చు ప్రశ్నకు ఉత్పాదకతతో పాటు జీతాల లెక్క కూడా కావాలి.

ఎవరిని లెక్కపెడుతున్నాం?

భారత్ వైపు అందరూ మొదట తెరిచేది వార్షిక పరిశ్రమల సర్వే. 1959 నుంచి నడుస్తున్న ఈ సర్వే మంచి నాణ్యత గలది, పరిశ్రమలవారీగా, రాష్ట్రాలవారీగా వివరాలు ఇస్తుంది. కానీ అది చూస్తూ వచ్చింది ప్రధానంగా 1948 ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన యూనిట్లనే. ఆ చట్టం ప్రకారం కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది కార్మికులు ఉండాలి. బీడీ, చుట్ట తయారీ యూనిట్లను వాటి ప్రత్యేక చట్టం ద్వారా కలుపుతారు. 2022-23 సర్వేలో ఇలా లెక్కకెక్కినవాళ్లు దాదాపు 1.85 కోట్ల మంది.

మిగిలినవాళ్ల సంగతి? ఇంటి ముందు మగ్గం పెట్టుకున్నవాళ్లు, ఇద్దరు ముగ్గురితో నడిచే లేత్ షాపులు, చిన్న దర్జీ యూనిట్లు, ఇటుక బట్టీలు ఈ సర్వేలో చాలావరకు కనిపించవు. 2015-16లో జరిగిన జాతీయ శాంపిల్ సర్వే 73వ రౌండ్ ప్రకారం, వ్యవసాయేతర అసంఘటిత రంగంలో ఒక్క తయారీలోనే దాదాపు 3.6 కోట్ల మంది పనిచేస్తున్నారు. అంటే తయారీ రంగంలో పనిచేసేవాళ్లలో ఎక్కువ మంది మొదటి సర్వే బయటే ఉన్నారు. వీళ్ల ఉత్పాదకత నమోదైన ఫ్యాక్టరీల కంటే చాలా తక్కువ. కాబట్టి వార్షిక సర్వే నుంచి తీసిన అంకెకు "భారత కార్మికుడి ఉత్పాదకత" అని పేరు పెడితే, సగానికి పైగా కార్మికులను చెరిపేసి రాసినట్టే. ఈ పొరపాటు పేరున్న పత్రికల్లోనూ కనిపిస్తుంది, అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆ మగ్గం మీద కూర్చున్న మనిషి కూడా కార్మికుడే.

చైనా వైపు చిక్కు ఇంకో రకం. అక్కడి గణాంక శాఖ "నిర్దేశిత పరిమాణానికి మించిన" సంస్థల లెక్కలు ప్రచురిస్తుంది. ఆ పరిమాణం నిర్వచనమే మారుతూ వచ్చింది. 1998 నుంచి ప్రభుత్వ సంస్థలన్నీ, వాటితో పాటు ఏడాదికి 50 లక్షల యువాన్లకు మించి అమ్మకాలున్న ఇతర సంస్థలు లెక్కలోకి వచ్చాయి. 2007 నుంచి ప్రభుత్వ సంస్థలకూ అదే 50 లక్షల హద్దు పెట్టారు. 2011లో హద్దును 2 కోట్ల యువాన్లకు పెంచారు. ఆ ఒక్క మార్పుతో లెక్కలో ఉన్న సంస్థల సంఖ్య దాదాపు 4.5 లక్షల నుంచి 3.3 లక్షలకు తగ్గింది. మిగిలినవి పెద్దవి కాబట్టి సగటు పెరిగింది. 2010కీ 2011కీ మధ్య గీతలో కనిపించే ఆ దూకుడును చూసి చైనా ఫ్యాక్టరీల్లో ఏదో అద్భుతం జరిగిందనుకోవద్దు.

1998కి ముందు పరిస్థితి మరీ భిన్నం. అప్పటి లెక్కలు టౌన్‌షిప్ (కొన్ని ఊళ్లు కలిసిన పాలనా విభాగం) స్థాయి, ఆపైన ఉన్న స్వతంత్ర అకౌంట్లు గల యూనిట్లవి. ఊరి స్థాయిలోని వేల వేల చిన్న యూనిట్లు వాటిలో లేవు. టౌన్‌షిప్, గ్రామ సంస్థల్లో 1996 నాటికి మొత్తం 13.5 కోట్ల మంది పనిచేసేవారంటే, వదిలేసిన భాగం చిన్నది కాదని తెలుస్తుంది.

ఇంకో విషయం. చైనా ప్రభుత్వ సంస్థలు ఒకప్పుడు ఫ్యాక్టరీతో పాటు స్కూలు, ఆసుపత్రి, కార్మికుల ఇళ్లు కూడా నడిపేవి. ఆ టీచర్లు, నర్సులు కూడా పారిశ్రామిక ఉద్యోగులుగానే లెక్కకెక్కేవారు. దాంతో ఒక్కో ఉద్యోగికి ఉత్పత్తి తక్కువగా కనిపించేది. 1990ల చివర్లో పెద్ద ఎత్తున ఉద్యోగాల కోత మొదలైంది. ప్రభుత్వ రంగ యూనిట్లన్నిటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య 1995లో 11.3 కోట్లుంటే 2003 నాటికి 6.9 కోట్లకు దిగింది. పైగా 1998 నుంచి, పేరు రిజిస్టర్‌లో ఉన్నా పనిలో లేనివాళ్లను లెక్కలోంచి తీసేశారు. ఆ ఏళ్లలో చైనా ఉత్పాదకత నిజంగానే పెరిగింది, అందులో సందేహం లేదు. కానీ పెరుగుదలలో కొంత భాగం భాగహారంలోని కింది అంకె, అంటే ఉద్యోగుల సంఖ్య తగ్గడం వల్ల, ఆ తగ్గుదలలోనూ కొంత లెక్కపెట్టే పద్ధతి మారడం వల్ల వచ్చింది. ఉద్యోగం పోయిన మనిషి గణాంకాల్లోంచి మాయమవుతాడు, సగటు మాత్రం మెరుగుపడుతుంది. 1990ల చివరి నుంచి 2003-04 దాకా మన నమోదైన ఫ్యాక్టరీల్లోనూ ఉద్యోగాలు తగ్గాయి. కాబట్టి ఆ కాలం గురించి రాసేటప్పుడు ఉత్పాదకత గీత పక్కనే ఉద్యోగాల గీత కూడా చూపించమని నా సలహా.

మరి ఏది ఎంచుకోవాలి? సంఘటిత రంగాన్ని సంఘటిత రంగంతోనే పోల్చండి, లేదా మొత్తాన్ని మొత్తంతో పోల్చండి. భారత్ వార్షిక సర్వేని చైనా జాతీయ ఆదాయ లెక్కల్లోని మొత్తం పరిశ్రమతో పోలిస్తే అది పోలికే కాదు. అక్కడ "పరిశ్రమ" అంటే తయారీతో పాటు గనులు, విద్యుత్, గ్యాస్, నీటి సరఫరా కూడా. మన సర్వేలో 10 మంది కార్మికుల హద్దు, వాళ్ల సర్వేలో అమ్మకాల హద్దు పూర్తిగా కలవవు. అయినా పెద్ద యూనిట్లను పెద్ద యూనిట్లతో చూస్తున్నాం కాబట్టి, ఆ విషయం పైకి చెప్పి పోల్చడం తప్పు కాదు.

మొత్తం ఉత్పత్తి విలువా, అదనపు విలువా?

దీనిమీద పెద్ద చర్చ అవసరం లేదు, అదనపు విలువే వాడాలి. అంటే ఉత్పత్తి విలువలోంచి ముడిసరుకు లాంటి కొనుగోళ్ల ఖర్చు తీసేయగా మిగిలేది. మొత్తం ఉత్పత్తి విలువలో ముడిసరుకు ధర కూడా కలిసి ఉంటుంది. వంద రూపాయల విడిభాగాలు కొని బిగించి 110కి అమ్మే ఫ్యాక్టరీ, 30 రూపాయల ముడిసరుకుతో 110 రూపాయల వస్తువు తయారుచేసే ఫ్యాక్టరీ, రెండూ ఉత్పత్తి విలువలో సమానంగా కనిపిస్తాయి. చేసిన పనిలో మాత్రం పోలికే లేదు.

మన 2022-23 సర్వేలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. ప్రస్తుత ధరల్లో ఉత్పత్తి విలువ అంతకుముందు ఏడాది కంటే 21.5 శాతం పెరిగింది. ఉద్యోగుల సంఖ్య సుమారు 7.4 శాతం పెరిగింది. భాగిస్తే ఒక్కో మనిషికి ఉత్పత్తి 13 శాతం పెరిగినట్టు వస్తుంది. కానీ అదే ఏడాది ముడిసరుకు ఖర్చు 24.4 శాతం పెరిగింది, స్థూల అదనపు విలువ పెరిగింది 7.3 శాతమే. అంటే ఒక్కో మనిషికి అదనపు విలువ దాదాపు ఉన్నచోటే ఉంది, అదీ ధరల పెరుగుదలను తీసేయకముందు. ఒకే సర్వే, ఒకే ఏడాది. ఒక కొలతతో పండగ, ఇంకో కొలతతో నిశ్చలం.

చైనా విషయంలో మాత్రం ఒక ఆచరణ సమస్య ఉంది. సోవియట్ తరహా లెక్కల వారసత్వంగా అక్కడ చాలాకాలం మొత్తం ఉత్పత్తి విలువే ప్రధాన అంకె. పరిశ్రమలవారీగా అదనపు విలువ మొత్తాలను ప్రచురించడం 2008 నుంచి ఆగిపోయింది, వృద్ధి రేట్లు మాత్రమే వస్తున్నాయి. అందువల్ల ఆ తర్వాతి కాలానికి పరిశ్రమల స్థాయిలో పోల్చాలనుకుంటే, 2007 మొత్తాన్ని తీసుకుని వృద్ధి రేట్లతో ముందుకు జరపాలి, లేదా కింద చెప్పే రెడీమేడ్ డేటాబేస్‌లను ఆశ్రయించాలి. అదనపు విలువ దొరకలేదని అమ్మకాల ఆదాయాన్ని దానికి బదులుగా వాడటం నాకు నచ్చదు. ఎలక్ట్రానిక్స్ లాంటి బిగింపు పరిశ్రమల్లో అది చైనాను ఉన్నదానికంటే చాలా ఎత్తున చూపిస్తుంది.

యువాన్‌ను రూపాయిలోకి ఎలా మార్చాలి?

ఇక్కడ మూడు దారులున్నాయి.

మొదటిది మార్కెట్ మారకపు రేటు. ఇది తేలిక, అందరికీ అర్థమవుతుంది, కానీ ఉత్పాదకత స్థాయిని కొలవడానికి పనికిరాదు. మొదట్లో చెప్పిన 1994, 1966 ఉదాహరణలు అందుకే. 2005 జూలైలో యువాన్ 8.28 నుంచి 8.11కి బలపడి, ఆ తర్వాత ఏళ్లపాటు మెల్లగా పెరుగుతూ పోయింది. ఆ కాలంలో డాలర్లలో గీసిన చైనా గీత ఉత్పాదకతనూ, కరెన్సీ బలాన్నీ కలిపేసి చూపిస్తుంది. ఏది ఎంతో విడదీయలేం.

రెండోది కొనుగోలు శక్తి సమానత, అందరూ పీపీపీ అని పిలిచేది. అంటే ఒకే రకం సరుకులు, సేవలు కొనడానికి ఏ దేశంలో ఎంతవుతుందో చూసి తేల్చే రేటు. ప్రపంచ బ్యాంకు సమన్వయంతో నడిచే అంతర్జాతీయ పోలిక కార్యక్రమం దేశదేశాల ధరలు సేకరించి దీన్ని తయారుచేస్తుంది. మారకపు రేటు కంటే ఇది ఎంతో మేలు. అయితే ఇది జనం కొనే వస్తువుల, సేవల ధరల మీద ఆధారపడిన లెక్క. ఇంటి అద్దె, క్షౌరం, స్కూలు ఫీజు, ఆసుపత్రి అన్నీ ఇందులో ఉంటాయి. తక్కువ ఆదాయ దేశాల్లో సేవలు బాగా చవక, ఫ్యాక్టరీ సరుకులు అంత చవక కాదు. కాబట్టి మొత్తం జీడీపీకి తయారుచేసిన పీపీపీని ఫ్యాక్టరీ ఉత్పత్తికి వాడితే, పేద దేశపు ఫ్యాక్టరీ ఉత్పాదకత నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాతో పోల్చినప్పుడు ఈ తేడా పెద్దది. భారత్, చైనాల మధ్య కొంత రద్దయిపోతుంది, పూర్తిగా కాదు.

పీపీపీలో ఇంకో జాగ్రత్త. చైనా ఈ ధరల సేకరణలో మొదటిసారి పాల్గొన్నది 2005 రౌండ్‌లో. ఆ ఫలితాలు వచ్చాక చైనా ఆర్థిక వ్యవస్థ పరిమాణాన్ని అంతకుముందు అంచనాల కంటే దాదాపు 40 శాతం తగ్గించి చూపాల్సి వచ్చింది. భారత్ అంకె కూడా బాగా తగ్గింది. అందుకే 2007కి ముందు రాసిన వ్యాసాల్లోని పీపీపీ అంకెలను ఇప్పటి అంకెల పక్కన పెట్టి పోల్చకండి.

మూడోది నేను ఎక్కువగా ఇష్టపడేది: ఫ్యాక్టరీ గేటు ధరల నిష్పత్తి. 1983లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో యాంగస్ మాడిసన్ నాయకత్వంలో మొదలైన పరిశోధన ఈ పద్ధతిని బాగా అభివృద్ధి చేసింది. ఆలోచన చాలా సూటిది. రెండు దేశాల పరిశ్రమల గణనల్లో ఒకే రకం వస్తువులను జత చేయాలి. ప్రతి వస్తువుకూ అమ్మకాల విలువను పరిమాణంతో భాగించి సగటు ధర తీయాలి. ఆ ధరల నిష్పత్తే ఆ వస్తువుకు "అసలైన మారకపు రేటు". వాటన్నిటినీ తూకాలతో కలిపితే పరిశ్రమకు, ఆపైన మొత్తం తయారీ రంగానికి ఒక రేటు వస్తుంది.

తూకాల సంగతి ఒక చిన్న ఊహాత్మక లెక్కతో చూద్దాం. రెండు వస్తువులే ఉన్నాయనుకోండి, గుడ్డ, మోటారు. మొదటి దేశంలో గుడ్డ మీటరు 10 రూపాయలు, మోటారు 100. రెండో దేశంలో గుడ్డ 4 యువాన్లు, మోటారు 20. గుడ్డను బట్టి యువాన్ విలువ 2.5 రూపాయలు, మోటారును బట్టి 5 రూపాయలు. మొదటి దేశం 80 మీటర్ల గుడ్డ, 10 మోటార్లు చేస్తుంది. ఆ బుట్ట విలువ 1,800 రూపాయలు, లేదా 520 యువాన్లు, నిష్పత్తి 3.46. రెండో దేశం 50 మీటర్ల గుడ్డ, 100 మోటార్లు చేస్తుంది. దాని విలువ 10,500 రూపాయలు, లేదా 2,200 యువాన్లు, నిష్పత్తి 4.77. చూశారా, ఎవరి బుట్టతో తూస్తున్నామన్నదాన్ని బట్టి సమాధానం 38 శాతం దాకా మారింది. ప్రతి దేశం తన దగ్గర చవగ్గా ఉన్న వస్తువునే ఎక్కువ తయారు చేస్తుంది కాబట్టి ఈ తేడా సహజం. రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే 4.06 వస్తుంది. దీన్నే ఫిషర్ సూచీ అంటారు. రెండు దేశాల పోలికకు ఇదే వాడండి, కానీ రెండు చివరి అంకెలు కూడా పక్కన ఇవ్వండి. వాటి మధ్య దూరమే ఆ రెండు ఆర్థిక వ్యవస్థలు ఎంత భిన్నమైనవో చెబుతుంది.

ఈ పద్ధతికీ బలహీనత ఉంది, అది నాణ్యత. సిమెంటు, చక్కెర, నూలు, ఉక్కు లాంటివి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి నమ్మకంగా జతచేయవచ్చు. యంత్రాలు, మందులు, ఎలక్ట్రానిక్స్ దగ్గర ఒకే పేరుతో ఉన్న రెండు వస్తువులు అసలు ఒకటి కాకపోవచ్చు. జత కుదరని వస్తువులు చాలా మిగిలిపోతాయి, కుదిరిన వాటి రేటునే వాటికీ అంటగట్టాల్సి వస్తుంది. పాత ఏళ్లకు ఇది బాగా సరిపోతుంది. 1985, 1995 చైనా పరిశ్రమల గణనల కాలంలో రెండు దేశాల ఫ్యాక్టరీలూ చేసేవి ఎక్కువగా ఇలాంటి సాదా సరుకులే. ఇటీవలి ఏళ్లకు వచ్చేసరికి ఈ జతకూర్పు కష్టమైపోయింది. అందుకే 2005 తర్వాతి స్థాయిల పోలికకు, పరిమితులు చెప్పి పీపీపీ వాడటాన్ని నేను తప్పుపట్టను.

ఏళ్ల వెంట నడిచేటప్పుడు

రెండు దేశాల సూచీలనూ మొదటి ఏడాది 100 చేసి గీసిన గ్రాఫులు చాలా తరచుగా కనిపిస్తాయి. ఒకటి 300కి, ఇంకోటి 180కి చేరితే మొదటిదే ముందున్నట్టు కళ్లకు తోస్తుంది. కానీ 100 దగ్గర రెండూ ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ గ్రాఫ్ చెప్పదు. వెనక ఉన్న దేశం వేగంగా నడిచినా ఇంకా వెనకే ఉండొచ్చు. అందుకని ఒక ఆధార సంవత్సరంలో స్థాయిని జాగ్రత్తగా కొలిచి, అక్కడి నుంచి ప్రతి దేశపు సొంత స్థిర ధరల వృద్ధితో ముందుకూ వెనక్కూ జరపడం మంచిది. ఆధార సంవత్సరం మీ కాలానికి మధ్యలో ఉంటే దోషం తక్కువ పేరుకుంటుంది. ఇంకో ఏడాదికి కూడా స్థాయి కొలిచే వీలుంటే కొలిచి, జరుపుకుంటూ వచ్చిన అంకెతో సరిచూడండి. రెండూ అచ్చంగా కలవవు. తేడా ఎక్కువగా ఉంటే, ధరల సవరణలో ఎక్కడో లోపం ఉందన్నమాట.

ఆ లోపం చైనా పాత లెక్కల్లో ఎక్కడుందో తెలుసు. 2000ల మొదటి దాకా అక్కడి ఫ్యాక్టరీలు తమ ఉత్పత్తిని ప్రభుత్వం ఇచ్చిన "స్థిర ధరల" జాబితా ప్రకారం స్వయంగా లెక్కవేసి పంపేవి. 1980 ధరలు, తర్వాత 1990 ధరలు ఇలా మారుతూ వచ్చాయి. జాబితాలో లేని కొత్త వస్తువులకు అప్పటి మార్కెట్ ధరే వేసేవారు. దాంతో ధరల పెరుగుదలలో కొంత భాగం వృద్ధిగా లెక్కకెక్కింది. 1980ల, 1990ల చైనా వృద్ధిని కొందరు పరిశోధకులు కిందికి సవరించి వాడటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మన వైపూ ఇలాంటివి ఉన్నాయి. 2015 జనవరిలో జాతీయ ఆదాయ లెక్కల ఆధార సంవత్సరాన్ని 2011-12కి మార్చినప్పుడు, 2013-14 తయారీ రంగ వృద్ధి మైనస్ 0.7 శాతం నుంచి 5.3 శాతానికి మారింది. కంపెనీల వార్షిక ఖాతాల డేటాను విస్తృతంగా వాడటం మొదలుపెట్టడం ఒక పెద్ద కారణం. పైగా ఆ సిరీస్‌లో తయారీ రంగ అదనపు విలువను ఒకే ధరల సూచీతో సవరించారు, ఉత్పత్తికీ ముడిసరుకుకూ విడివిడిగా కాదు. చమురు లాంటి ముడిసరుకు ధరలు ఉత్పత్తి ధరల కంటే వేగంగా పడిపోయిన ఏళ్లలో, ఇలా చేస్తే వృద్ధి ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి పాత సిరీస్, కొత్త సిరీస్ అంకెలను ఒకే గీతగా అతికించకండి. అతికించక తప్పకపోతే, రెండు సిరీస్‌లలోనూ ఉన్న ఉమ్మడి ఏడాది దగ్గర కలిపి, ఆ సంగతి గ్రాఫ్ కిందే రాయండి. మన సర్వే ఏప్రిల్ నుంచి మార్చి దాకా, చైనా లెక్క జనవరి నుంచి డిసెంబర్ దాకా అన్నది కూడా గుర్తుంచుకోండి. దీర్ఘకాలంలో ఈ మూడు నెలల తేడా పెద్దగా బాధించదు.

ఒక్కో కార్మికుడికా, ఒక్కో గంటకా?

సిద్ధాంతపరంగా గంటకు లెక్కే సరైనది. చైనాలో 1995 మే నుంచి వారానికి 40 గంటలు చట్టబద్ధం, మన 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన గరిష్ఠం 48. కానీ చట్టంలోని గంటలు వేరు, ఓవర్‌టైమ్‌తో కలిపి నిజంగా చేసిన గంటలు వేరు. నమ్మదగిన గంటల లెక్క రెండు వైపులా ఉంటేనే ఆ పని పెట్టుకోండి, లేకపోతే ఒక్కో మనిషికి లెక్క చాలు. మన వార్షిక సర్వే పనిదినాలు ఇస్తుంది కాబట్టి భారత్ లోపలి పోలికకు అది వాడొచ్చు. అలాగే మన సర్వేలో "కార్మికులు" వేరు, సూపర్‌వైజర్లు, మేనేజర్లతో సహా "పనిచేసే మొత్తం మనుషులు" వేరు. ఈ రెండోదాన్నే తీసుకోండి.

రెడీమేడ్ డేటాబేస్‌లలో ఏది?

ప్రపంచ బ్యాంకు సూచికల్లో "పరిశ్రమ, ఒక్కో కార్మికుడికి అదనపు విలువ" అని ఒకటి సులువుగా దొరుకుతుంది. దయచేసి తయారీ రంగానికి దాన్ని వాడకండి, అందులో నిర్మాణ రంగం కూడా కలిసి ఉంటుంది. భారత్‌లో 2022-23 కార్మిక సర్వే ప్రకారం ఉపాధిలో తయారీ వాటా 11.4 శాతమైతే నిర్మాణం వాటా 13 శాతం. తాపీ పనివాళ్లు, కూలీలు కలిసిన సగటును ఫ్యాక్టరీ ఉత్పాదకత అనలేం. దేశాల ఆదాయాన్ని, ఉత్పాదకతను పోల్చే పెన్ వరల్డ్ టేబుల్ డేటాబేస్ మంచిదే కానీ మొత్తం ఆర్థిక వ్యవస్థకు మాత్రమే.

ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ యునిడో డేటా పరిశ్రమలవారీగా వివరంగా ఉంటుంది. భారత్ అంకెలు అందులోకి వెళ్లేది వార్షిక సర్వే నుంచే కాబట్టి పైన చెప్పిన హద్దు అక్కడా వర్తిస్తుంది. అసంఘటిత కార్మికులతో సహా మొత్తం తయారీ రంగం కావాలంటే, గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఆర్థిక పరివర్తన డేటాబేస్ నా మొదటి ఎంపిక. 51 దేశాలు, 12 రంగాలు, 1990 నుంచి 2018 దాకా ఉంది. పరిశ్రమల లోతుల్లోకి వెళ్లాలనుకుంటే భారత్‌కు రిజర్వ్ బ్యాంక్ ప్రచురించే కేఎల్ఈఎంఎస్ (పెట్టుబడి, శ్రమ, ఇంధనం, ముడిసరుకు, సేవలను విడదీసి చూపే) డేటా ఉంది, అందులో 1980-81 నుంచి 27 పరిశ్రమల లెక్కలుంటాయి. చైనాకు దాదాపు అదే పద్ధతిలో తయారైన సీఐపీ (చైనా ఇండస్ట్రియల్ ప్రొడక్టివిటీ) డేటాబేస్ ఉంది. ఈ జంట కొంచెం శ్రమ అడుగుతుంది, కానీ మంచి థీసిస్ రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మేలైన దారి నాకు కనిపించదు. పెట్టుబడి, శ్రమ నాణ్యత కూడా విడదీసి చూడొచ్చు.

ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో చూసేవాళ్లకు

మీకు తయారీ రంగ సగటు దాదాపు పనికిరాదు. మన నమోదైన ఫ్యాక్టరీల సగటులో కొద్దిమందితో నడిచే చమురు శుద్ధి కర్మాగారాలూ ఉంటాయి, వేలమంది కూర్చునే దుస్తుల యూనిట్లూ ఉంటాయి. మీది దుస్తుల పని అయితే ఆ ఒక్క పరిశ్రమ వరసనే చూడండి. తర్వాత ఒక్కో మనిషికి అయ్యే మొత్తం జీతపు ఖర్చును ఒక్కో మనిషి అదనపు విలువతో భాగించండి. ఇక్కడ రెండూ ఒకే కరెన్సీలో ఉంటాయి కాబట్టి మారకపు రేటు గొడవ కూడా లేదు. జీతం తక్కువైనంత మాత్రాన చవక కాదు, ఉత్పాదకత అంతకంటే తక్కువైతే సరుకు ఖరీదే అవుతుంది.

జీతం అంకె తీసుకునేటప్పుడు భారత్ వైపు ప్రావిడెంట్ ఫండ్ లాంటి యజమాని చెల్లింపులు కలిపారా లేదా చూడండి. నమోదైన ఫ్యాక్టరీల కార్మికుల్లో దాదాపు 40 శాతం మంది ఇప్పుడు కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్లే, వాళ్ల జీతాలు పర్మినెంట్ కార్మికుల జీతాలతో సమానంగా ఉండవు. చైనా వైపు తరచుగా వార్తల్లో కనిపించే సగటు జీతం పట్టణాల్లోని "ప్రైవేటేతర యూనిట్ల"ది. ప్రైవేటు యూనిట్ల సగటును అక్కడి గణాంక శాఖ విడిగా ప్రచురిస్తుంది, అది దీనికంటే తక్కువగా ఉంటుంది. మీరు చూస్తున్న దుస్తుల ఫ్యాక్టరీ చాలావరకు ప్రైవేటుదే అయి ఉంటుంది కాబట్టి, తీసుకోవాల్సింది ఆ రెండో అంకె.